సున్నా బిల్లు

"మీ పేరు నలుగురికీ తెలుస్తుంది కదా" అన్న మాటను నమ్మి రెండేళ్లు ఉచితంగా బొమ్మలు వేశాను. పుస్తకాల ముఖచిత్రాలు, కథలకు బొమ్మలు, పోస్టర్లు నా పని. ఆ రెండేళ్లలో రూపాయి తీసుకోకుండా చేసినవి ఏడు. వాటిలో చెప్పుకోదగినవి రెండే, కాదన్నది ఇంకొకటి.

మొదటిది ఒక పత్రిక ప్రత్యేక సంచికకు ముఖచిత్రం. ఒక్క బొమ్మే అన్నారు. తర్వాత రంగు మార్చమన్నారు, మనిషి ముఖం ఎడమవైపుకు తిప్పమన్నారు, ఆ తర్వాత అసలు మనిషే వద్దన్నారు. మొత్తం పదకొండు మార్పులు. గంటలు రాసిపెట్టుకునే అలవాటు అప్పటికి లేదు. ఫైళ్ల మీది సమయాలను బట్టి తర్వాత లెక్కవేస్తే 46 గంటలు తేలింది. డబ్బిచ్చి చేయించుకునేవారు మూడోసారి మార్పు అడిగే ముందు ఒక్క క్షణం ఆగుతారు, దానికి వేరే రుసుము ఉంటుందని తెలుసు కనుక. ఉచిత పనికి ఆ కళ్లెం లేదు. మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అనలేదు. తీరా సంచిక వచ్చాక చూస్తే నా పేరు ఏ పేజీలోనూ లేదు. కొన్ని నెలలకు అదే బొమ్మ వారి సభ బ్యానరు మీద కనిపించింది. నన్ను ఎవరూ అడగలేదు.

ఆ కోపంలో హక్కుల గురించి చదవడం మొదలుపెట్టాను. రచయితల, కళాకారుల హక్కులకు అంతర్జాతీయంగా పునాది 1886 నాటి బెర్న్ ఒప్పందం. 1908లో బెర్లిన్‌లో జరిగిన సవరణతో నమోదు వంటి లాంఛనాల అవసరం పోయింది; బొమ్మ గీసిన క్షణం నుంచే హక్కు గీసినవారిది. ఉద్యోగంలో భాగంగా గీసినవాటి సంగతి వేరు. 1928లో రోమ్ సవరణ ఇంకో మాట చేర్చింది: ఆర్థిక హక్కులు ఇతరులకు ఇచ్చేసినా, ఈ కృతి నాదని చెప్పుకునే హక్కు కర్తకే మిగులుతుంది. అంటే డబ్బు వద్దన్నంత మాత్రాన నేను బొమ్మను వదులుకున్నట్టు కాదు. కానీ దేనికి వాడుకోవచ్చో, దేనికి కూడదో ఒక్క ముక్క కూడా రాసి ఇవ్వలేదు. తప్పులో సగం నాదే.

రెండోది ఒక నాటక బృందానికి పోస్టరు. అక్కడ దర్శకుడికీ డబ్బు లేదు, దీపాలు చూసుకునే మనిషికీ లేదు. అందరమూ పస్తే. "మీకు తోచినట్టు వేయండి" అన్నారు. కాగితం కత్తిరించి అక్షరాలు అతికించి, నలుపు ఎరుపులతోనే పోస్టరు చేయాలని చాలాకాలంగా కోరిక, డబ్బిచ్చేవారెవరూ ఒప్పుకోలేదు. 14 గంటల్లో ముగిసింది. దాన్ని చూసి తర్వాత రెండు పనులు వచ్చాయి. అవి రాకపోయినా నాకు విచారం ఉండేది కాదు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఒకటి కొట్టొచ్చినట్టు కనిపించింది. పత్రిక వారు కాగితానికి డబ్బు కట్టారు, అచ్చుకు కట్టారు, పంపిణీకి కట్టారు. ఉచితం నా దగ్గరికి వచ్చేసరికే గుర్తొచ్చింది. అప్పటి నుంచి ఎవరు పిలిచినా నా మొదటి ప్రశ్న ఇదే: ఈ పనిలో ఇంకెవరికి డబ్బు ముడుతోంది?

మూడోది నేను చేయలేదు. ఒక ప్రచురణ సంస్థ అయిదుగురితో పూర్తి ముఖచిత్రాలు వేయించి, నచ్చిన ఒక్కదానికే డబ్బిస్తామంది. అప్పుడు పనికొచ్చింది ఎక్కడో చదివిన ఒక కోర్టు తీర్పు. అమెరికాలో ఒక సినిమాకు జీతం లేకుండా పనిచేసిన ఇంటర్న్‌లు 2011లో దావా వేశారు. 2015లో అప్పీలు కోర్టు తేల్చమన్న విషయం, ఆ ఏర్పాటులో ప్రధానంగా లాభపడేది ఇంటర్నా, సంస్థా అన్నది. నేను ఇంటర్న్‌ని కాను, ఆ చట్టం నాకు వర్తించదు, అయినా ప్రశ్నను అరువు తెచ్చుకున్నాను. జవాబు వెంటనే దొరికింది. పాత బొమ్మలు పంపి, వాటిని చూసి నిర్ణయించమన్నాను. మళ్లీ కబురు లేదు. ఆ వారం కాస్త దిగులుగానే గడిచిందని ఒప్పుకోవాలి.

ఒక మాట దాచకూడదు. వద్దనగలిగింది వేరే ఉద్యోగం ఇల్లు గడుపుతోంది కనుక. ఉచితంగా చేయడానికీ స్తోమత కావాలి, కాదనడానికీ కావాలి.

ఈమధ్య స్వచ్ఛందంగా నడిచే ఒక పిల్లల గ్రంథాలయం వారు చిన్న పుస్తకానికి బొమ్మలు అడిగారు. అక్కడ ఎవరూ జీతం తీసుకోరు. పైగా పిల్లల బొమ్మలు వేయడం నాకింకా సరిగా రాదు. సరేనన్నాను, కానీ బిల్లు పంపాను. నా మామూలు రుసుము అంతా వేసి, కింద నూరు శాతం తగ్గింపు చూపి, చెల్లించవలసింది సున్నా అని రాశాను. దాని కిందే షరతులు: రెండు విడతల మార్పులు, లోపలి పేజీలో పేరు, ఒక్క ముద్రణకు అనుమతి, మరోచోట వాడాలంటే మళ్లీ అడగాలి.

బిల్లు చూసి తమ కోశాధికారి మొదట కంగారుపడ్డారని నిర్వాహకురాలు నవ్వుతూ చెప్పారు. రెండో విడత అయ్యాక ఆవిడే మళ్లీ ఫోను చేశారు. "ఏనుగు తోక కాస్త పొడుగైతే బాగుండేదండీ" అని, నేను నోరు తెరిచేలోపే, "వద్దులెండి, రెండూ అయిపోయాయి కదా, ఇలాగే అచ్చుకు పంపిస్తాం" అన్నారు.

ఆ రాత్రి తోక పొడుగు చేసి పంపాను.