వాజెంకి తోటలో పన్నెండింటి కచేరీ

వార్సా, ఆదివారం

పొద్దున్నుంచీ మబ్బుగానే ఉంది, వాన మాత్రం పడలేదు. వంట సాయంత్రం చూసుకోవచ్చులే అని వాజెంకి తోటకు బయల్దేరాను. 1959 నుంచీ ఇక్కడ ఇదొక ఆనవాయితీ. మే మధ్య నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా ప్రతి ఆదివారం మధ్యాహ్నం 12కి ఒకసారి, సాయంత్రం 4కి మరోసారి, పోలిష్ సంగీతకర్త షోపాన్ విగ్రహం దగ్గర పియానో కచేరీ పెడతారు. టికెట్ లేదు. బెంచీలు నిండిపోతే గులాబీ మడుల పక్కన గడ్డిలో కూర్చోవడమే.

ఇవాళ వాయించింది ఒక అమ్మాయి. ఇరవై దాటి ఎంతో కాలం అయి ఉండదు. నమస్కరించి కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు ఆగింది. ఆరుబయట పియానో వాయించడం ఎంత కష్టమో దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. హాల్లో అయితే గోడలూ పైకప్పూ నాదాన్ని తిప్పి పంపుతాయి. అది వింటూ వేళ్ల బరువు, పెడల్ సర్దుకోవచ్చు. ఇక్కడ పలికిన స్వరం పలికినట్టే ఆకాశంలోకి పోతుంది. స్పీకర్లు ఉన్నాయి గానీ అవి మన కోసం, ఆ అమ్మాయి కోసం కాదు. పైగా గాలిలో తేమ పెరిగితే చెక్క ఉబ్బి శ్రుతి కదులుతుంది. చాలామంది ఇలాంటి చోట గట్టిగా వాయించి గట్టెక్కుతారు. ఈ అమ్మాయి తగ్గించింది. ఎక్కడో నెమలి అరుస్తున్నా తొందరపడలేదు.

షోపాన్ జి మైనర్ బల్లాడ్‌కి చప్పట్లు బాగా పడ్డాయి. నా మనసు మాత్రం ఎ మైనర్ మజుర్కా దగ్గరే ఆగిపోయింది. మజుర్కా అంటే పోలిష్ జానపద నృత్యం లయలో రాసిన రచన. ఇది ఓపస్ 17 అనే సంపుటిలో నాలుగోది, 1834లో అచ్చయింది. పియానో తీగ మీద వేలు ఆనదు కాబట్టి మన గమకం పలకదు. అయినా కుడిచెయ్యి స్వరాల చుట్టూ చిన్న చిన్న అలంకారాలు అల్లుతూ అర్ధస్వరాల మీదుగా కిందికి దిగుతుంటే, చిన్నప్పటి నుంచీ కర్ణాటక సంగీతం విన్న నా చెవికి అది పరాయిగా తోచలేదు. ఎడమచెయ్యి లయ పట్టుకుని ఉంటే కుడిచెయ్యి కాస్త వెనకబడి, కాస్త ముందుకెళ్లి మళ్లీ వచ్చి కలుస్తోంది. ఆ స్వేచ్ఛ ఇంత చిన్న వయసులో ఎలా అబ్బిందో!

షోపాన్ 1830 నవంబరులో, ఇరవయ్యేళ్లప్పుడు, ఈ ఊరు విడిచాడు. మళ్లీ రాలేదు. 1849లో పారిస్‌లో పోయాక ఆయన గుండెను మాత్రం ఇక్కడికి తెచ్చారు, హోలీ క్రాస్ చర్చి స్తంభంలో ఉంది. 1926లో నిలబెట్టిన ఈ విగ్రహాన్ని 1940 మే 31న జర్మన్లు పేల్చేశారు. ఆయన సంగీతం బహిరంగంగా వాయించకూడదని నిషేధం కూడా పెట్టారు. ఇప్పుడున్నది 1958లో తిరిగి నిలబెట్టినది. ఆ మరుసటి ఏడే కచేరీలు మొదలుపెట్టారంటే ఈ ఊరివాళ్ల పట్టుదలకు చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది. విగ్రహంలో షోపాన్ మీదికి వంగిన ఆ కంచు చెట్టు కింద ఇరవై ఏళ్ల పిల్ల ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఆయన్ని వాయిస్తోంది.

ఇంటికొచ్చి మజుర్కా రికార్డింగ్ అమ్మకు పంపాను. విజయనగరంలో పిల్లలకు సంగీతం చెప్పే మనిషి, విన్న వెంటనే ఫోన్ చేసింది.

"మధ్యలో ఆపేశావేటే? మిగతాది పంపు."

"అంతేనమ్మా. మొదట్లో వచ్చిన ఆ నాలుగు బార్ల చిన్న ముక్కే మళ్లీ వచ్చి, తేలకుండా అలా వదిలేస్తుంది. ఆయన రాసిందే అలా."

"అలాగా... అయితే ఉండు, ఇంకోసారి వింటాను" అని ఫోన్ పెట్టేసింది.