పడవ ఇంజన్ లీటరుకు ఎంత దూరం నడుస్తుంది?

ఒంగోలుకు దగ్గరలోని కొత్తపట్నం తీరంలో మా మేనమామకు 28 అడుగుల ఫైబర్ బోటు ఉంది. దానికి 10 హార్స్‌పవర్ సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్, దాని శక్తిని నీటిలోని పంకాకు చేర్చే పొడవాటి షాఫ్టు బిగించి ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం ముగిసిన వారంలో ఆయన నన్ను పిలిచి, "అబ్బయ్యా, దీన్ని తీసేసి పెట్రోలు అవుట్‌బోర్డు పెట్టమని అందరూ చెప్తున్నారు, ఆయిలు ఖర్చు ఎట్లుంటదో లెక్క కట్టి చెప్పు" అన్నాడు. అవుట్‌బోర్డు అంటే పడవ వెనుక బయటి వైపు తగిలించే ఇంజన్. ఆ లెక్క మరికొందరికి పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ఇంజన్ మీద రాసి ఉన్న హార్స్‌పవర్‌ను బట్టి ఖర్చు తేల్చలేము, ఎందుకంటే ఇంధనం కాలేది ఆ సమయంలో ఇంజన్ మీద పడిన భారాన్ని బట్టి మాత్రమే. ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు చిన్న డీజిల్ ఇంజన్ సుమారు పావు లీటరు, ఫోర్ స్ట్రోక్ పెట్రోలు ఇంజన్ లీటరులో మూడో వంతు, కార్బురేటర్ ఉన్న పాత టూ స్ట్రోక్ ఇంజన్ అర లీటరుకు కాస్త తక్కువగా తాగుతాయని అంచనా వేసుకోవచ్చు. పాత టూ స్ట్రోక్‌లో కొత్త మిశ్రమం సిలిండర్‌లోకి వచ్చే వేళకు పొగ పోయే దారి ఇంకా తెరిచే ఉంటుంది కనుక, కొంత పెట్రోలు కాలకుండానే బయటికి పోతుంది. ఆ పడవల వెనుక నీటి మీద రంగురంగుల నూనె పొర తేలడానికి ఇదొక కారణం. డీజిల్ ఇంజన్‌లో గాలిని చాలా ఎక్కువగా నొక్కుతారు, పైగా లీటరు డీజిలులో లీటరు పెట్రోలు కంటే శక్తి కూడా ఎక్కువే; అందుకే అది తక్కువ తాగుతుంది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం మత్స్యకారులకు లీటరుకు 9 రూపాయలకు పెంచిన రాయితీ కూడా డీజిలు మీదే. అవుట్‌బోర్డు తేలికగా ఉంటుంది, అలల మీద అదుపు చేయడం సులువు. ఆ సౌకర్యానికి విలువ లేదని నేను అనను.

అంచనా ఎంత నిజమో చూడడానికి ట్యాంకు పైపు తీసి, లోపలి నూనె బయటికి కనబడే తెల్లటి 5 లీటర్ల డబ్బాకు పెట్టాము. ముందురోజు ఇంట్లో కొలత గిన్నెతో పావు లీటరు చొప్పున నీళ్లు పోస్తూ, పోసిన ప్రతిసారీ డబ్బా మీద నల్ల పెన్నుతో గీత గీసి, తరువాత దాన్ని కడిగి ఎండబెట్టాను. దూరం కోసం ఫోన్‌లోని జీపీఎస్‌ను వాడాము. తీరం వెంబడి ప్రవాహం ఒకవైపు లాగుతుంది కనుక, వెళ్లిన దారినే అంతే దూరం వెనక్కి వచ్చి సగటు తీసుకోవడం తప్పనిసరి; లేకపోతే సముద్రం చేసిన మేలు ఇంజన్ ఖాతాలో పడుతుంది.

6 నాట్ల వేగంతో (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) గంటకు 1.7 లీటర్లు ఖర్చయింది. అంటే ఇంజన్ దాదాపు 7 హార్స్‌పవర్ ఇస్తోంది, లీటరుకు సుమారు మూడున్నర నాటికల్ మైళ్లు వస్తున్నాయి. అదే పనికి ఫోర్ స్ట్రోక్ పెట్రోలు ఇంజన్‌కు గంటకు 2.3 లీటర్లు, పాత టూ స్ట్రోక్‌కు 3 లీటర్లు దాటి అవుతుందని నా లెక్క.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది రెండో పరుగు. ఇటువంటి పడవకు కావలసిన శక్తి ఇంచుమించు వేగపు ఘనం చొప్పున పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. నీటిని తాకే పొడవు 25 అడుగులైతే 6.7 నాట్ల దగ్గర పడవ తాను లేపిన అలనే ఎక్కవలసి వస్తుంది, ఆ పైన ఎంత నూనె తగలేసినా వేగం పెద్దగా పెరగదు. థ్రాటిల్ (ఇంజన్ వేగం పెంచే, తగ్గించే మీట) తగ్గించి 5 నాట్లకు వచ్చినప్పుడు గంటకు లీటరు లోపే అవుతుందని లెక్క చెప్పింది, డబ్బా 1.15 లీటర్లు చూపింది. తక్కువ భారం మీద చిన్న ఇంజన్ అంత పొదుపుగా నడవదు మరి. అయినా లీటరుకు 4.3 నాటికల్ మైళ్లు వచ్చాయి. 8 మైళ్లు వెళ్లి రావడానికి అరగంట ఎక్కువ పడుతుంది, 0.85 లీటరు మిగులుతుంది. నెలకు 25 రోజుల వేటంటే అది 21 లీటర్లు.

చేపలు బేరానికి ఆలస్యంగా చేరితే ధర పడిపోతుందని, వచ్చేటప్పుడు నెమ్మదిగా రావడం కుదరదని మామ అన్నాడు. అది న్యాయమైన మాట. అందుకే పొదుపును పోయేటప్పటికే పరిమితం చేసి, 5 నాట్లు వచ్చే చోట థ్రాటిల్ పక్కన ఎర్ర రంగుతో గీత గీశాడు. ఇంజన్ మార్చలేదు.