ఆ రాత్రి మంచం మీద పక్కకి తిరగలేకపోయాను

పాపకి ఇప్పుడు పదకొండు నెలలు. నిద్రలో పక్కకి తిరగాలంటే భయం ఈమధ్యే పోయింది, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

కడుపుతో ఉండగా ఐదో నెల చివర్లో నొప్పి మొదలైంది. పొత్తికడుపు కింద, సరిగ్గా నడిమి ఎముక దగ్గర కలుక్కుమనేది, అక్కణ్ణించి గజ్జల్లోకి, తొడల లోపలికి పాకేది. ఒంటికాలి మీద నిలబడి లెగ్గింగ్ తొడుక్కోలేను, ఆటో ఎక్కాలంటే ఏడుపొచ్చేది. మాది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. చెకప్‌లో చెబితే డాక్టరమ్మ ఫైల్లోంచి తలెత్తకుండానే "ప్రెగ్నెన్సీ అన్నాక నొప్పులుండవా? కాన్పయితే అవే పోతాయి" అంది. బయట చాలామంది కూర్చుని ఉన్నారు, ఆవిడకి తీరిక లేదు, నాకు తెలుసు. అయినా ఆ మాట మర్చిపోలేను. ఆ తర్వాత నొప్పి అని ఎవరికైనా చెప్పాలంటే నాకే సిగ్గేసేది.

అమ్మ కూడా "నిన్ను కడుపుతో ఉన్నప్పుడు తొమ్మిదో నెల దాకా బిందెలు మోశాను, నువ్వు కదలకుండా కూర్చోబట్టే ఇదంతా" అనేది. నార్మల్ అవుతుందని గొంతుకూర్చుని ఇల్లు తుడవమంది. తుడిచాను. ఫోన్లో చూసి సీతాకోకచిలుక ఆసనం కూడా వేశాను, అరికాళ్ళు రెండూ కలిపి మోకాళ్ళు ఆడిస్తూ రోజూ పావుగంట. నొప్పి పెరుగుతుంటే సరిగ్గా వెయ్యట్లేదేమోనని ఇంకాసేపు వేసేదాన్ని.

ఏడో నెలలో సీమంతం. పీట మీద బాసింపట్టు వేసుకుని రెండు గంటలు కూర్చున్నాను, గాజులు తొడిగినవాళ్ళందరికీ నవ్వు మొహం పెట్టాను. ఆ రాత్రి రెండింటికి బాత్రూంకి లేవబోతూ కుడికాలు ఎత్తగానే లోపల టక్కుమని చప్పుడైంది. కాలు ఇక కదల్లేదు. మా ఆయన నైట్ షిఫ్ట్‌లో ఉన్నారు, ఫోను కిటికీ దగ్గర ఛార్జింగ్‌లో ఉంది. బిడ్డ జారిపోతోందేమో అనుకున్నాను. చీకట్లో చెయ్యి పెట్టి చూసుకుంటే తడి. రక్తమనుకున్నాను, గుండె ఆగినంత పనైంది. మూత్రం అని తెలిశాక అరవడానికి సిగ్గు. చివరికి "అత్తయ్యా" అన్నాను.

ఆవిడ లైటు వేసి చూసి ఒక్క మాట అడగలేదు. నా రెండు మోకాళ్ళూ దగ్గరకి పట్టుకుని, ఒళ్ళంతా ఒకేసారి పక్కకి తిప్పి దుప్పటి మార్చింది. నా నడుం కింద చెయ్యి పెట్టి తెల్లారేదాకా కూర్చుని, కనకదుర్గమ్మకి మెట్ల పూజ మొక్కుకుంది. బిడ్డ కదలిక తెలిసేసరికి నాలుగైంది. అసలు అప్పుడే ఆసుపత్రికి పరిగెత్తాల్సింది, మీరెవరూ మాలాగా ఆగకండి.

పొద్దున్నే వేరే ఆసుపత్రికి వెళ్ళాం. స్కానింగ్, పరీక్షలు అన్నీ బాగున్నాయి. ఫిజియోథెరపీకి పంపారు. అక్కడి అమ్మాయి కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది: ముందువైపు రెండు కటి ఎముకలు కలిసేచోట మామూలుగా 4-5 మిల్లీమీటర్ల సందు ఉంటుంది, కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల పట్టు సడలి ఇంకో 2-3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కొందరికి ఆ కీళ్ళు నొప్పెడతాయి. కడుపుతో ఉన్న ఐదుగురిలో ఒకరికి ఈ బాధ ఉంటుందట. కాళ్ళు ఎడంగా పెట్టే పనులన్నీ, ఆ ఆసనంతో సహా, నొప్పిని పెంచేవేనట. "మీరు ఊహించుకుంటున్నది కాదండీ" అంది. అక్కడే ఏడ్చేశాను. ఈ మాట ఐదో నెలలోనే చెప్పి, ఒక చీటీ రాసి పంపి ఉంటే ఆ మొదటి డాక్టరమ్మ సొమ్మేం పోయేది?

మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పడుకోవడం, రెండు మోకాళ్ళూ కలిపే తిరగడం, బట్టలు కూర్చునే వేసుకోవడం, మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కడం, తుంటి చుట్టూ బెల్ట్, చిన్న వ్యాయామాలు, ఇవన్నీ ఆ ఫిజియో అమ్మాయే నేర్పింది. ఇండియన్ టాయిలెట్ మీదకి మా ఆయన కమోడ్ కుర్చీ తెచ్చారు. నొప్పి పోలేదు, కానీ సగానికి తగ్గింది. మీకు రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, జ్వరమొచ్చినా, మూత్రంలో మంట ఉన్నా, బిడ్డ కదలిక తగ్గినా ఇది ఆ నొప్పేలే అనుకోకండి, వెంటనే డాక్టరుకి చూపించుకోండి.

కాన్పు ముందు మోకాళ్ళు ఎంత ఎడంగా పెడితే నొప్పి రాదో కొలిచి ఫైల్లో రాశారు. పక్కకి పడుకునే పాపని కన్నాను. నార్మలే. తర్వాత మూడు నెలలకి నడక కుదిరింది. అత్తయ్య ఇంద్రకీలాద్రి మెట్లన్నిటికీ పసుపు రాసి బొట్లు పెడుతూ ఎక్కింది, వెనకాల పాపనెత్తుకుని నేను. నడుం పట్టేసినప్పుడల్లా ఆగి కూర్చున్నాను. దుర్గమ్మ దయ.

మా అమ్మ మీద కోపం మాత్రం పూర్తిగా పోలేదు. మొన్న ఫోన్ చేసి, "మీ పిన్ని కూతురికి ఐదో నెల, నువ్వు చెప్పినట్టే దానికీ నొప్పిగా ఉందట, ఆ ఫిజియో అమ్మాయి నంబరు ఇస్తావా" అంది. ఇచ్చాను.