నాయిన లావణి పట్టా, అమ్మ పాసుపుస్తకం

నిన్న సాయంత్రం అమ్మ చేతికి భూమి పాసుపుస్తకం వచ్చింది. కోపం చల్లారకముందే రాస్తున్నా.

మా నాయిన ఒకరి దగ్గర పాలేరుగా జీతమున్న మనిషి. 1986లో సర్కారు భూమిలో 1 ఎకరం 20 గుంటలు లావణి పట్టా, అంటే పేదలకిచ్చే సాగు పట్టా, ఇచ్చారు. అమ్ముకోవడానికి లేదు, వారసులకు మాత్రం వస్తుంది. 2017 భూరికార్డుల ప్రక్షాళనలో ఆయన పేరు ఎగిరిపోయింది. దున్నేది మేమే, రైతుబంధు మాత్రం ఒక్క పంటకూ రాలేదు. 2021లో నాయిన పోయాడు.

2025 జూన్‌లో మా ఊళ్లో భూభారతి (కొత్త భూహక్కుల చట్టం) రెవెన్యూ సదస్సు పెట్టారు. దరఖాస్తు ఇచ్చాం, రసీదు ఇచ్చారు. పది నిమిషాల పని.

తహసీల్ ఆఫీసులో విచారణ రోజే మా ప్రాణం తీశారు. అక్కడి ఉద్యోగి పట్టా కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, వరండా అంతా వినేట్టు అడిగాడు: "జీతమున్నోనికి ఎకరంనర యాడిదమ్మా? ఎవలతోని రాయించుకున్నరు?" అమ్మ డెబ్బై ఏళ్ల మనిషి, చెప్పులు బయట విడిచి నిలబడింది. పక్కనే కుర్చీ ఖాళీ. కూసోమనలేదు. "మేమే దున్నుకుంటున్నం సారూ" అని అమ్మ చెప్తుంటే ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఫైలు దొరకట్లేదని పంపించేశాడు. మెట్లు దిగుతూ అమ్మ "ఇడిసిపెట్టు బిడ్డా" అంది. నలభై ఏళ్లు చెమటోడ్చిన చేనును ఇడిసిపెట్టమని మా అమ్మతో అనిపించారు వాళ్లు. అది నేను మర్చిపోను.

గేటు దగ్గర ఒకడు ఇరవై వేలిస్తే ఫైలు దొరుకుతుందన్నాడు. ఇలాంటోళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. సమాచార హక్కు కింద పాత పహాణీలు (భూమి ఎవరిదో, ఎవరు దున్నుతున్నారో ఏటా రాసే రికార్డు), అసైన్‌మెంట్ (పట్టా ఇచ్చినప్పటి) ఫైలు నకళ్లు అడిగాను. పేదల రేషన్ కార్డు జిరాక్సు పెడితే ఫీజు ఉండదు. "దొరకని" ఫైలు నెల తిరక్కుండా దొరికింది! పహాణీలో పట్టాదారు గడిలో నాయిన పేరు, అనుభవదారు (దున్నుకునేవాళ్ల) గడిలోనూ నాయిన పేరే. అదే వరండాలో, అదే ఉద్యోగి ముందు, సంవత్సరం సంవత్సరం గట్టిగా చదివాను. పదో తరగతి చదివినదాన్ని, గొంతు వణకలేదు. ఈసారి అమ్మను కుర్చీలో నేనే కూర్చోబెట్టాను.

అసలు పట్టా ఎవరి చేతికీ ఇవ్వకండి, జిరాక్సే ఇవ్వండి. ఏ కాగితం ఇచ్చినా రసీదు తీసుకోండి.

రాత్రి పుస్తకం సరిగ్గా చూస్తే 1 ఎకరం 12 గుంటలే పడ్డాయి. మిగతా 8 గుంటల కోసం సర్వే దరఖాస్తు రాసి పెట్టాను. సోమవారం మళ్లీ పోతున్నాం.