తాతయ్య పెన్షన్ నానమ్మ పేరు మీదకి మారేసరికి

మొన్న నానమ్మ ఖాతాలో ఫ్యామిలీ పెన్షన్ బకాయిలతో సహా పడింది. హమ్మయ్య అనుకున్నా గానీ కోపం ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నా.

తాతయ్యది 16వ మద్రాస్ బెటాలియన్. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధంలో బసంతర్ నది దగ్గర పోరాడిన పటాలం. సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్‌కి మరణానంతరం పరమవీర చక్ర వచ్చింది ఆ పోరులోనే. ఏటా డిసెంబరు 16న విజయ్ దివస్‌కి ఎవరో ఒకరు పిలిచి తాతయ్యకి శాలువా కప్పేవారు. బీరువాలో ఒక అర నిండా అవే.

మరణ ధ్రువపత్రం, సైనిక పెన్షన్ల వెబ్‌సైటు స్పర్శ్‌లో పని తేలిగ్గానే అయ్యాయి. తాతయ్య సైన్యం నుంచి దిగినప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్కులో నానమ్మ పేరు చివర 'అమ్మ' లేదు, ఆధార్‌లో ఉంది. రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ చేయించి తమిళనాడు వెల్లింగ్టన్‌లోని రికార్డ్ ఆఫీసుకి పంపాం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక మాజీ హవల్దారు గారు దగ్గరుండి రాయించారు. మీరూ నేరుగా అక్కడికే వెళ్ళండి. జిరాక్స్ షాపు దగ్గర కాచుక్కూర్చునే బ్రోకర్లకి రూపాయి ఇవ్వొద్దు.

అసలు కథ బ్యాంకులో. కౌంటర్లో కుర్రాడు కాగితాలు తిరగేసి, తలెత్తకుండానే, "మళ్ళీ పెళ్లి చేసుకోలేదని సర్టిఫికెట్ ఏది?" అన్నాడు. వెనక లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నానమ్మకి సరిగ్గా వినపడదు. "ఏమంటున్నాడ్రా?" అంది. ఎనభై దగ్గర పడుతున్న మనిషికి ఆ ప్రశ్న నేను గట్టిగా, అందరి ముందూ, మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. చెవులు కాలిపోయాయి. ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసి, "రాయమను" అంది.

వాడు ఇంకు ప్యాడ్ ముందుకు తోశాడు. నానమ్మ దాన్ని వెనక్కి నెట్టి పెన్ను అడిగింది. తాతయ్యకి 56 ఏపీవో (సైన్యం పోస్టాఫీసు) అడ్రసుకి ఉత్తరాలు రాయడం కోసమే అక్షరాలు నేర్చుకున్న మనిషి మరి! చెయ్యి వణుకుతున్నా, 'అమ్మ'తో సహా పూర్తి పేరు పెట్టింది.

రూలు ఉంటే ఉండొచ్చు, అడిగే తీరంటూ ఒకటుంటుంది కదా. ఆగస్టు పదిహేనుకి ఆ బ్రాంచిలోనే సైనికుల ఫోటోలతో బ్యానర్ కట్టారు.

మీ ఇంట్లో మాజీ సైనికులుంటే, వాళ్ళు బతికుండగానే భార్య పేరు, పుట్టిన తేదీ రికార్డుల్లో సరిచేయించండి. డిశ్చార్జి బుక్కు, పీపీవో (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) నకళ్ళు దగ్గరుంచుకోండి. ఈ నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ (మనిషి బతికే ఉన్నారన్న పత్రం) ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ జీవన్ ప్రమాణ్‌లో, ఫోన్‌తో ముఖం స్కాన్ చేసి ఇంట్లోనే ఇచ్చేస్తాం. ఆ కౌంటర్ గడప మాత్రం నానమ్మ చేత మళ్ళీ తొక్కించను.