పెన్నీ పెరిగిన పెట్రోలు

శనివారం, హన్మకొండ.

ఈ రోజు డిగ్రీ పిల్లలకు రెండో ప్రపంచ యుద్ధం పాఠం చెబుతూ, ఒక కార్టూన్‌ను బెంచీకొకటి చొప్పున పంచాను. నల్లని సముద్రంలో, చెక్కల తెప్పను రెండు చేతులా పట్టుకుని పడి ఉన్న ఒంటరి నావికుడు; కింద, పెట్రోలు ధర ఒక పెన్నీ పెరిగిందన్న ఒక్క వాక్యం. ఎవరు, ఎప్పుడు గీశారో ముందుగా చెప్పలేదు.

కాజీపేట నుంచి బండి మీద వచ్చే అబ్బాయి మొదట లేచి, "వీళ్ల పాణాలు పోతుంటే కంపెనీలోళ్లు లాభాలు గుంజుతున్నరు సార్" అన్నాడు. సగం తరగతి అవునన్నట్టు తలలూపింది.

1942 మార్చిలో లండన్ డైలీ మిరర్‌లో ఫిలిప్ జెక్ గీసిన ఈ బొమ్మను చర్చిల్ ప్రభుత్వమూ సరిగ్గా అలాగే చదివి, పత్రికను మూయించగలమని హెచ్చరించింది. ప్రాణాలొడ్డి తెచ్చిన పెట్రోలును వృథా చేయవద్దని చెప్పడమే జెక్ ఉద్దేశం. బొమ్మలో ఎక్కడా లేని లాభాపేక్షను ఏలినవారు అందులో చూశారంటే, ఆ అనుమానం జనంలో అప్పటికే రాజుకుంటోందని వారికి తెలిసే ఉంటుందని నా నమ్మకం.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది మాత్రం ఆ తర్వాత చూపిన బొమ్మ. పిల్లల పుస్తకాలతో డాక్టర్ స్యూస్‌గా లోకమంతా ఎరిగిన థియోడర్ గైజెల్, 1942 ఫిబ్రవరి 13న న్యూయార్క్ పత్రిక పీఎంలో, అమెరికా పడమటి తీరం పొడవునా జపాన్ సంతతి వారు పేలుడు పదార్థాల కోసం వరుస కట్టినట్టు గీశాడు. ఆరు రోజులకే అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు వెలువడింది. ఆ ఉత్తర్వు కింద జపాన్ సంతతి వారిని సుమారు 1,20,000 మందిని ఇళ్ల నుంచి తరలించి శిబిరాల్లో ఉంచారు. వారిలో ఎక్కువమంది అమెరికా పౌరులే. యూదులపై ద్వేషాన్నీ, నల్లవారి పట్ల వివక్షనూ అదే పత్రికలో ఎండగట్టిన చేయి ఇది. అంత మంచి మనసులోకీ భయం ఇంత సులువుగా చొరబడిందంటే, మామూలు పాఠకుడి మనసు అప్పుడెలా ఉండిందో ఊహించుకోవడం కష్టం కాదు.

గంట కొట్టే వేళకు వెనుక బెంచీ అమ్మాయి, "అందరికీ ఒక్కటే ముఖం ఎందుకు వేసిండు సార్?" అని అడిగింది. ఇంటికి వచ్చి దీపం కింద మళ్లీ చూశాను. ఆమె చెప్పింది నిజం. వరుసలో ఎవరిని పోల్చినా అదే ముఖం, అదే నవ్వు. సోమవారం పాఠం ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను.