హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశాక: నా అనుభవం

మా తమ్ముణ్ణి దొంగతనం కేసులో అనుమానంతో స్టేషన్‌కు తీసుకెళ్లి, అరెస్టు చూపించకుండా రెండు రాత్రులు ఉంచుకొని, కొట్టి పంపించారు. ముందు జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు రాయమని మా వకీలుగారు సలహా ఇచ్చారు. దానికి రుసుము లేదు, తెలుగులోనే రాసుకోవచ్చు. అయితే ఘటన జరిగిన ఏడాదిలోపే రాయాలి.

"కోపం తగ్గించి తేదీలు పెంచండమ్మా" అన్నారాయన. తీసుకెళ్లిన వేళ, వదిలిన వేళ, 1996 నాటి సుప్రీంకోర్టు డి.కె. బసు తీర్పు ప్రకారం తయారుచేయవలసిన అరెస్టు మెమో (అరెస్టు చేసిన తేదీ, వేళ సాక్షి సంతకంతో నమోదుచేసే కాగితం) ఊసే లేకపోవడం, అన్నీ వరుసగా రాశాను. అన్నిటికంటే అక్కరకొచ్చింది ప్రభుత్వాసుపత్రి ఓపీ చీటీ. అరికాళ్లు కమిలి ఉన్నాయని డ్యూటీ డాక్టరు గొలుసుకట్టు రాతలో రాసిన ఒక్క వాక్యం, దాని పక్కనే తేదీ ముద్ర.

నాకైతే నేరుగా ఐక్యరాజ్యసమితికే రాయాలనిపించింది. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశం 1979లో చేరినా, వ్యక్తులు ఫిర్యాదు చేసుకునే వీలు కల్పించే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో చేరలేదు గనుక అది కుదరదన్నారు. అయినా ఆ ఒడంబడిక మనకు బొత్తిగా పనికిరానిది కాదు. అక్రమ నిర్బంధానికి పరిహారం పొందే హక్కునిచ్చే దాని 9(5) అధికరణం విషయంలో మన ప్రభుత్వం మినహాయింపు పెట్టుకున్నప్పటికీ, 1993లో నీలబతి బెహరా కేసులో సుప్రీంకోర్టు ఆ అధికరణాన్నే ప్రస్తావిస్తూ, కస్టడీలో చనిపోయిన ఒడిశా యువకుడి తల్లికి పరిహారం ఇప్పించింది. నా ఫిర్యాదులో ఆ తీర్పును ఉదహరించాను.

కమిషన్ ఎస్పీ నుంచి నివేదిక తెప్పించుకుంది. విచారించి ఆ రోజే పంపేశామని అందులో ఉంది. దాని నకలు మాకు పంపి అభిప్రాయం అడిగారు. ఈ ఉత్తరానికి గడువులోగా జవాబివ్వకపోతే ఫైలు మూసేయవచ్చు. మేము ఓపీ చీటీ మళ్లీ జతచేసి, స్టేషన్ సీసీ కెమెరా దృశ్యాలు తెప్పించమని కోరాం. 2020 నాటి పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పు ప్రకారం వాటిని కనీసం ఏడాది భద్రపరచాలి. కెమెరా పనిచేయడం లేదని సమాధానం వచ్చింది. సరిగ్గా ఆ రెండు రాత్రులే!

పరిహారం ఎందుకు సిఫారసు చేయకూడదో చెప్పమంటూ రాష్ట్ర ప్రభుత్వానికి నోటీసు వెళ్లింది. ఆలస్యంగానైనా డబ్బు తమ్ముడి ఖాతాలో పడింది. కానీ కమిషన్ సిఫారసు చేయగలదే తప్ప, కొట్టినవారికి శిక్ష వేయలేదు. అందుకే ఆ ఫైలులోని నివేదికల నకళ్లు జతపరచి పోలీసుల ద్వారా కాకుండా నేరుగా మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేశాం. ప్రస్తుతం మా వాంగ్మూలాలు నమోదవుతున్నాయి.